గోదావరి లెక్కలో మడ అడవికీ ఒక గడి కావాలి

గోదావరి నదీ యాజమాన్య బోర్డు చైర్మన్ గారికి, బోర్డులోని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సభ్యులకు,

నమస్కారం.

మాది ములుగు జిల్లా మంగపేట మండలం. కరకట్టకు దగ్గర్లో ఉన్న భూమిలో మిర్చి, వరి వేస్తాం. ఇక్కడి రైతు మీకు ఉత్తరం రాస్తే ఒడ్డు కోత గురించో, ఎత్తిపోతల గురించో, వరదలో మునిగిన పంట గురించో రాస్తాడు. నేను కాకినాడ పక్కన సముద్రపు అంచు ఉప్పు బురదలో పెరిగే కోరంగి మడ అడవుల గురించి రాస్తున్నాను. ఊర్లో చెప్తే నవ్వారు. "మనకు సముద్రమే లేదు, ఆ అడవితో నీకేం పని" అన్నారు. తెలంగాణలో మడ అడవి ఒక్క ఎకరం కూడా లేని మాట నిజమే. కానీ ఆ అడవికి కావాల్సిన మంచినీళ్లు, ఒండ్రు మట్టి మా కళ్ల ముందు నుంచే కిందికి పోవాలి. ఒండ్రు ఒకప్పటంత పోవడం లేదు. నీళ్లేమో పోవాల్సిన నెలల్లో పోవడం లేదు.

అడిగేది ముందే చెప్తాను, చివరిదాకా చదివే తీరిక మీకు ఉండకపోవచ్చు. ధవళేశ్వరం బరాజ్ దిగువకు నవంబర్ నుంచి మే దాకా నెలనెలా ఎన్ని నీళ్లు వదిలారు, ఏడాది మొత్తంలో ఎంత ఒండ్రు సముద్రం దాకా చేరింది, ఈ రెండు లెక్కలు ప్రతి సంవత్సరం ప్రజలకు కనపడేలా పెట్టండి. ఆ లెక్కలు ముందేసుకొని రెండు రాష్ట్రాలను కూర్చోబెట్టి, ఎండాకాలంలో మడ అడవికి కనీసం ఎంత వదలాలో తేల్చండి. ట్రిబ్యునల్ తీర్పు దాటి వాటాలు పంచే అధికారం బోర్డుకు లేదని తెలుసు. గోదావరి నీళ్లను రాష్ట్రాలకు పంచిన 1980 నాటి బచావత్ ట్రిబ్యునల్ తీర్పును మార్చమని నేను అడగడం లేదు. కొలవడానికి, కొలిచింది చెప్పడానికి, సిఫారసు చేయడానికి ఆ తీర్పు అడ్డం రాదు కదా.

మీ సమావేశాల వార్తలు పేపర్లో చదువుతుంటాం. మా 968 టీఎంసీలు మాకు అని తెలంగాణ అంటుంది, ఆ లెక్క ఒప్పుకోం అని ఆంధ్ర అంటుంది. రాయలసీమలోని బనకచర్లకు 200 టీఎంసీలు తరలిస్తామంటే ఇక్కడ భగ్గుమంటుంది. మా ఎత్తిపోతలు కాళేశ్వరం, సీతారామ పేరెత్తితే అక్కడ భగ్గుమంటుంది. ఈ కొట్లాటలో రెండు పక్షాలూ ఒప్పుకునే మాట ఒక్కటే కనపడుతుంది: ఏటా మూడు వేల టీఎంసీల దాకా సముద్రంలో కలిసిపోతున్నాయి, అందులో ఎంత పట్టుకుంటే అంత లాభం. నేనూ రైతునే, నీళ్లు విడవమనడం నాకు తేలికైన మాట కాదు. కానీ ఆ మూడు వేల టీఎంసీలు ఎప్పుడు పోతున్నాయో చూడండి. దాదాపు మొత్తం జులై నుంచి అక్టోబర్ లోపే. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు మా మండలం మొత్తం వణికింది, అప్పుడు సముద్రానికి నీళ్ల కరువు లేదు. ఫిబ్రవరి, మార్చిలో చూస్తే ధవళేశ్వరం కాలువల కింద ఉన్న పది లక్షల ఎకరాల డెల్టాకే నీళ్లు చాలక సీలేరు నుంచి తెచ్చుకుంటారు. బరాజ్ కిందికి ఏం మిగులుతుంది? పైన మేం యాసంగికి పట్టుకున్నాం, కింద వాళ్లు రబీకి పట్టుకున్నారు. ఏడాది సగటు చూపించి ఇంకా బోలెడు నీళ్లున్నాయంటే, వానకాలం మత్తడి దుంకిన చెరువును చూపించి ఏప్రిల్‌లో నాటు వేయమన్నట్టే.

అసలు మడ అడవికి మంచినీళ్లతో ఏం పని, అది ఉప్పునీటి అడవి కదా అని చాలామంది అనుకుంటారు. కొన్నేళ్ల కింద వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకున్నాక పిల్లలు సముద్రం చూస్తామంటే కాకినాడ తీసుకుపోయాను. అక్కడి నుంచి కోరంగి పోయాం. అభయారణ్యంలో చెక్కలతో కట్టిన నడకదారి ఉంటుంది, దాని మీద నడుస్తుంటే రెండు పక్కలా బురద, బురదలోంచి వేల కొద్దీ వేలెడు పొడవు పుల్లలు నిటారుగా లేచి ఉన్నాయి. ఎవరో నరికేసిన మొక్కల మొదళ్లేమో అనుకున్నాను. అవి మడ చెట్టు వేర్లట. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి వేర్లు పైకి లేచి ఊపిరి పీల్చుకుంటాయి. పక్కనున్న ముసలాయన ఒక ఆకు తెంపి మా చిన్నదాని చేతిలో పెట్టి, "నాలిక ఆనించి చూడమ్మా" అన్నాడు. ఉప్పు. వేలితో రుద్దితే సన్నటి రవ్వ అంటింది. చెట్టు నీళ్లతో పాటు తాగిన ఉప్పును ఆకు మీదికి కక్కుతుంది.

మరి ఉప్పుకు అంత ఓర్చుకునే చెట్టు ఎంత ఉప్పయినా తాగుతుంది కదా అంటే, తాగదు. అన్ని చెట్లకూ ఒకే ఓపిక ఉండదు. తెల్లమడ మొండిది, ఎక్కువ ఉప్పు తట్టుకుంటుంది. తిల్ల, పొన్న లాంటి మిగతా రకాలకు నది నుంచి మంచినీళ్లు వచ్చి ఉప్పును పలచన చేయాలి. గౌతమి పాయ నుంచి విడిపోయే కోరంగి, గాడేరు పాయలు చేసే పని అదే. అవి ఎండాకాలం బలహీనపడితే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది, ఎండకు బురదలో ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. అప్పుడు అడవి ఒక్కరోజులో చచ్చిపోదు. మొండి రకం ఒక్కటే మిగులుతూ, చెట్లు పొట్టివి అవుతూ, మధ్య మధ్యలో ఉప్పు తేలిన బోడి నేల కనపడుతూ పోతుంది. ఉపగ్రహం ఫొటోలో మాత్రం పచ్చగానే ఉంటుంది. అందుకే విస్తీర్ణం పెరిగిందని వచ్చే రిపోర్టులు చూసి నేను పెద్దగా సంబరపడను. ఆంధ్రలో 400 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మడ అడవి ఉందని అటవీ సర్వే చెప్తుంది, సంతోషం. అందులో ఎన్ని రకాలు మిగిలాయి, ఎంత ఎత్తు పెరుగుతున్నాయి అన్నది వేరే ప్రశ్న.

మొక్కలు నాటితే సరిపోతుంది అనేవాళ్లకు ఒక మాట. హరితహారం చూసినవాళ్లం మేం. గుంట తీసి మొక్క పెట్టి ఫొటో దిగడం తేలిక, ఏప్రిల్‌లో దానికి నీళ్లు పోసేవాడే దొరకడు. కోరంగి వైపు 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ పాడైపోయిన మడ అడవిని బాగుచేయడానికి దిగినప్పుడు మొదట చేసింది కాలువలు తవ్వడం. చేప ముల్లులాగా నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటు వచ్చినప్పుడు నీరు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును కడుక్కొని బయటికి పోయేలా చేశారు. ఊళ్లలో వన సంరక్షణ సమితులు దాన్ని కాపాడాయి. అంటే రోగం మొక్కల కొరత కాదు, నీటి నడక ఆగిపోవడం. కాలువ తవ్వి పోటు నీటిని తేవచ్చు. మంచినీటిని మాత్రం పైనుంచి మనమే వదలాలి.

ఇక ఒండ్రు. దీని గురించే నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నీటి గురించి కొట్లాడేవాళ్లు ఉన్నారు, మట్టి గురించి అడిగేవాళ్లు లేరు.

ఉత్తర తెలంగాణ రైతుకు పూడిక మట్టి విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల దగ్గర ట్రాక్టర్లు బారులు కట్టాయి. సర్కారు తవ్వి ఇస్తే రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. ఆ ఏడాది డీఏపీ బస్తాలు తగ్గించినవాళ్లు ఎందరో. మా దగ్గరైతే గోదావరి పొంగి పోయిన చోట మిగిలే మేట మీద మిర్చి ఎలా వస్తుందో చూస్తూనే ఉన్నాం. సముద్రం అంచున ఉన్న మడ అడవికి కూడా అదే మట్టి కావాలి. ఇంకా చెప్పాలంటే మాకు అది బలం, వాళ్లకు అది నేలే. డెల్టా అంటేనే నది తెచ్చి పోసిన మట్టి. అది తన బరువుకు తాను ఏటా కొద్దికొద్దిగా కుంగుతుంది, సముద్రమట్టం పెరుగుతుంటుంది. పైనుంచి కొత్త మట్టి వచ్చి పడుతుంటేనే లెక్క సమానం అవుతుంది. మడ వేర్లు ఆ మట్టిని పట్టుకొని నేలను నిలబెడతాయి. మట్టి రాకపోతే వేర్లు దేన్ని పట్టుకుంటాయి?

ఆ మట్టి ఎక్కడ ఆగిందో మనకు తెలుసు. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు దాని సామర్థ్యం 112 టీఎంసీలు. 1994 సర్వే నాటికి 90 టీఎంసీలకు పడిపోయింది, ఆ తర్వాత ఇంకా తగ్గింది. తగ్గిన ఇరవై రెండు టీఎంసీల చోటు గాలితో నిండలేదు. పైన జయక్వాడి ఉంది, మంజీర మీద నిజాంసాగర్, సింగూరు ఉన్నాయి, ప్రాణహిత ఉపనదుల మీద మహారాష్ట్రలో ఎన్నో ఉన్నాయి. మొత్తం ఫలితం ఏమిటంటే, 1970లలో గోదావరి ఏటా సగటున 14, 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు మోసుకుపోతే, 1990లకు వచ్చేసరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు దిగిపోయిందని డెల్టా తీరం మీద పరిశోధన చేసినవాళ్లు లెక్కగట్టారు. అప్పటికి మేడిగడ్డ లేదు, అన్నారం లేదు, సుందిళ్ల లేదు, ఎల్లంపల్లి లేదు, తుపాకులగూడెం లేదు, పోలవరం లేదు. మరి ఇప్పుడు ఎంత? పోలవరం దగ్గర కేంద్ర జలసంఘం నీళ్లతో పాటు ఒండ్రును కూడా కొలుస్తూ వస్తోంది. అంకెలు ఏదో ఒక ఫైల్లో ఉండే ఉంటాయి. రైతుకో, మత్స్యకారుడికో కనపడే చోటికి వాటిని తేవడం బోర్డుకు పెద్ద పని కాదు.

ఇసుక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా మండలం రోడ్ల మీద ఇసుక లారీలు వరసగా నిలబడితే బడి పిల్లలు దాటడానికి అరగంట పడుతుంది. నదిలోంచి తీసే ప్రతి లారీ ఇసుక కిందికి పోవాల్సిన సరుకే. ఇళ్లు కట్టుకోవద్దా అంటే కట్టుకోవాలి, నేనూ అదే ఇసుకతో కట్టుకున్నాను. కానీ ఎంత తీస్తే ఎంత తిరిగి వస్తుందో ఒండ్రు లెక్కలో చూడకుండా, రేవు రేవుకూ విడిగా అనుమతి ఇచ్చుకుంటూ పోతే నది అడుగు ఎక్కడ తేలుతుంది? మా ఒడ్డు కోతకు కూడా ఇది ఒక కారణమని మా అనుమానం. ఆ లెక్క బయటికి వస్తే మా అనుమానం కూడా తీరుతుంది.

ఒండ్రు వదలడానికి నీళ్లంత త్యాగం అక్కర్లేదు, ఇది ఇంజనీర్లైన మీకు నాకంటే బాగా తెలుసు. బురదలో చాలా భాగం మొదటి వరదల్లోనే వస్తుంది. జూన్ చివర్లో, జులైలో నది ఎర్రగా మారిన రోజుల్లో గేట్లు దించి నింపుకుంటే ఆ బురద రిజర్వాయర్లో మేట వేస్తుంది. గేట్లు ఎత్తి ఆ వరదను పోనిచ్చి, నీరు కాస్త తేటబడ్డాక ఆగస్టు, సెప్టెంబర్‌లో నింపుకుంటే రిజర్వాయరూ పూడదు, మట్టీ కిందికి పోతుంది. కరువు ఏడాది ఈ ధైర్యం చేయలేం, ఒప్పుకుంటాను. మంచి వరద ఉన్న ఏడాదైనా చేయొచ్చు కదా. ఇప్పుడు ఏ డ్యాం ఎప్పుడు నింపాలన్నది ఆ డ్యాం దగ్గరి అధికారి, ఆ రాష్ట్రం చూసుకుంటున్నారు. నది మొత్తానికి ఒక వరస ఉండాలి. బోర్డు పెట్టుకున్నదే అందుకు అనుకుంటున్నాను.

ఆ అడవి పోతే మాకేం నష్టం అని మా ఊర్లో అడిగిన ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు. కొన్ని జవాబులు తేలిగ్గా దొరుకుతాయి. హనుమకొండ, వరంగల్ చేపల మార్కెట్లలో అమ్మే సముద్రపు చేపలు, పీతల్లో చాలా రకాలు పిల్లలుగా ఉన్నప్పుడు పెరిగేది మడ వేర్ల మధ్యనే. మండపీత అయితే బతుకులో ఎక్కువ భాగం ఆ బురదలోనే. మా ప్రాణహిత, గోదావరి మడుగుల్లో కనపడే నీటికుక్కలు అక్కడా ఉన్నాయి, వాటితో పాటు నీటిపిల్లి కూడా. అక్కడి బురద కింద పేరుకున్న బొగ్గుపులుసు వాయువు మూలం, అంటే కార్బన్, నేల మీది అడవులకన్నా హెక్టారుకు మూడు నాలుగు రెట్లు ఎక్కువని అంచనా. ఇది నమ్మడానికి కష్టమైతే భూపాలపల్లి గనుల్ని గుర్తు తెచ్చుకోవాలి. మన బొగ్గు కూడా ఇదే గోదావరి లోయలో పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన చిత్తడి అడవులు గాలి తగలకుండా పూడిపోవడం వల్ల తయారైందే. అవి మడ అడవులు కావు, వేరే చెట్లు. గాలి అందని తడి మట్టి కార్బన్‌ను దాచిపెట్టే తీరు మాత్రం ఒకటే. ఒక చోట ఆ దాచిందాన్ని తవ్వి కాలుస్తున్నాం, ఇంకోచోట దాచే పనిని ఆపేస్తున్నాం.

తుపాన్ల గురించి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటిన మరునాడే వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి, కల్లాల్లో వడ్లు మొలకెత్తాయి. మడ అడవి దట్టంగా ఉంటే మనకు ఆ వాన తప్పేదని ఎవరైనా అంటే నమ్మకండి. మడ అడవి వానను ఆపదు. అది ఆపేది, కనీసం తగ్గించేది, తీరం మీద పడే ఉప్పెన కెరటాన్ని. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లా ఊళ్ల మీద చేసిన అధ్యయనంలో, సముద్రానికి ఊరికి నడుమ మడ అడవి ఎంత వెడల్పుంటే చావులు అంత తక్కువని తేలింది. కోరంగి రేవు 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెనకు తుడిచిపెట్టుకుపోయిన చరిత్ర ఆ ఊరిది. అక్కడున్నవాళ్లకు ఈ అడవి వాళ్ల కరకట్ట. కరకట్ట తెగితే ఏమవుతుందో, 2023 జులైలో జంపన్నవాగు కొండాయి ఊరి మీద పడ్డప్పుడు ఏమైందో మా జిల్లాకు తెలుసు. మాకు వాగు ఎలాగో వాళ్లకు సముద్రం అలాగ. ఈ ఒక్క కారణం చాలు నాకు.

అయినా నీళ్లు మావి కదా అని అడిగేవాళ్లు ఉంటారు. మా వాటా మొత్తం వదిలేయాలని నేను అనడం లేదు. కింద డెల్టా రైతులు, పైన మేం, మహారాష్ట్ర, అందరం తలా కొంచెం తగ్గించుకుంటే ఎవరికీ పెద్దగా తెలియని నీళ్లతోనే ఆ ఎండాకాలం నెలలు గడుస్తాయేమో. ఎన్ని టీఎంసీలో కొలిస్తే గానీ తేలదు. గంగకు 2018 అక్టోబర్‌లో కేంద్రం ఏ కాలంలో కనీసం ఎంత శాతం పారాలో ఉత్తర్వు ఇచ్చింది. గోదావరికి కూడా అలాంటిది ఒకటి కావాలని బోర్డు రాతపూర్వకంగా అడగాలి. అడిగేటప్పుడు కొలత ధవళేశ్వరం గేట్ల పైన కాకుండా కింద పెట్టాలి.

మా వైపు తప్పులు కూడా మేం సరిదిద్దుకోవాల్సినవి ఉన్నాయి. మేడారం జాతర అయిపోయాక జంపన్నవాగు ఒడ్డున మిగిలే కవర్లు, గ్లాసులు మొదటి వరదకు గోదావరిలో పడతాయి. కోరంగిలో ఆ ఊపిరి వేర్లకు చుట్టుకున్న ప్లాస్టిక్‌లో ఎవరి వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. వరంగల్ నగరానికైతే రెండు దారులు. పాకాల మత్తడి నీళ్లు మున్నేరులో, ఆకేరు నీళ్లు కూడా మున్నేరులోనే కలిసి కృష్ణకు పోతాయి, ఉత్తరం వైపు వాగులు గోదావరికి వస్తాయి. అంటే వరంగల్ చెత్త కృష్ణా మడ అడవికీ, గోదావరి మడ అడవికీ రెండింటికీ చేరగలదు. ఇది బోర్డు పని కాదు, మా పంచాయతీల, మా కార్పొరేషన్ పని. వాళ్లకు వేరే రాస్తాను.

కాకినాడ వైపు వాళ్ల తప్పులూ ఉన్నాయి. ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టి చదును చేస్తే వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. రొయ్యల చెరువులు ఎంత మింగాయో అక్కడివాళ్లకే తెలుసు. మీరు అడవి నరుకుతూ మమ్మల్ని నీళ్లు వదలమంటారా అని మా వాళ్లు అడిగితే జవాబు చెప్పడం కష్టం. అందుకే ఆంధ్ర సభ్యులకు ప్రత్యేకంగా చెప్తున్నాను: నీళ్లు, ఒండ్రు అడిగే ముందు కోరంగి సరిహద్దుల లెక్క కూడా అదే పట్టికలో పెట్టండి. ఈ ఏడాది ఎంత అడవి పోయింది, ఎంత పెరిగింది, ఏ రకాలు. అప్పుడు పైన ఉన్న మాకు కూడా నమ్మకం కుదురుతుంది.

తెలంగాణ సభ్యులకు ఇంకో మాట. ఈ డిమాండ్ ఆంధ్ర నుంచి వస్తే మనం అనుమానిస్తాం, మన నుంచి వస్తే వాళ్లు ఆశ్చర్యపోతారు. కాబట్టి మీరే ముందు పెట్టండి. వానకాలం మొదలు కాకముందు జరిగే సమావేశం ఎజెండాలో రెండు అంశాలు చాలు. ఒకటి, ధవళేశ్వరం దిగువ నీరు, ఒండ్రు కొలతల వార్షిక పట్టిక. రెండు, మొదటి వరదల్లో ఏ రిజర్వాయర్ గేట్లు ఏ వరసలో ఎత్తాలన్న ముసాయిదా. ఎజెండాలో పెడితే పెట్టామని, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో కారణంతో సహా తెలుగులో రాసి తెలియజేయండి. ఈ లేఖ కాపీ ఒకటి కోరంగి మత్స్యకారులకు కూడా పంపుతున్నాను, మీ జవాబు వాళ్లకూ చదివి వినిపించాలి.

ఇట్లు,
గోదావరి ఒడ్డు రైతు,
మంగపేట మండలం, ములుగు జిల్లా